గెలుపునకు మరో కొలత

హైదరాబాదు నుండి బీజాపూరుకు పోయే రహదారి మొయినాబాదు దాటి చేవెళ్ళ వైపు సాగుతున్నప్పుడు ఇరువైపులా మర్రిచెట్లు గొడుగులు పట్టినట్లు కనిపిస్తాయి. ఆ చెట్ల నీడలో ఉదయం, సాయంత్రం కళాశాలల బస్సులు బారులు తీరి పోతుంటాయి. దారిపొడవునా ర్యాంకులు సాధించిన విద్యార్థుల చిత్రపటాలతో పెద్దపెద్ద ప్రకటనలు దర్శనమిస్తాయి. హోటళ్ళ ముందు నిలిచినవారి సంభాషణలో ఎకరం భూమి ధర ఎంత పలికిందన్న ప్రస్తావన రాక మానదు. మొయినాబాదు మండలంలోనే చిలుకూరు బాలాజీ ఆలయం ఉన్నది. అక్కడికి వచ్చే భక్తులు తమ కోరికను స్వామికి విన్నవించి 11 ప్రదక్షిణలు చేస్తారు. అది నెరవేరిన పిదప మళ్ళీ వచ్చి 108 ప్రదక్షిణలతో మొక్కు తీర్చుకొంటారు. విదేశాలలో చదువుకొనేందుకు అనుమతి కోరి వచ్చే యువతీయువకులు అధికం కావడంతో ఆ స్వామికి వీసా బాలాజీ అన్న పేరు స్థిరపడింది. కోరుకోవడం దోషం కాదు. కాని కోరుకొన్న ఆ విజయాన్ని ఏ కొలతతో కొలవాలి? అది ఒక్క వ్యక్తితో ఆరంభమై ఆ వ్యక్తితోనే ముగిసేదా? ఈ దారిన చదువుకై వెళ్ళే విద్యార్థికి ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక తప్పదు.

ఈ ప్రాంతం పేరు గడించిన వారిని ఎరుగనిది కాదు. మొయినాబాదు మండలంలోని పెద్దమంగళారం గ్రామంలో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డి న్యాయవాదిగా, ప్రజానాయకుడుగా ప్రసిద్ధి పొందాడు. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అటువంటి చిరకీర్తి అందరికీ లభించేది కాదు. ఇదే దారికి తూర్పు కొసన ఉన్న హైదరాబాదు నగరంలో ఒక బడిపంతులు ఉండేవారు. భారతదేశానికి ఆసియా క్రీడలలో రెండుసార్లు ఫుట్‌బాల్ స్వర్ణపతకం లభించింది. ఆ రెండుసార్లూ జట్టుకు శిక్షణ ఇచ్చినవారు ఆయనే. అయినా ఆయన పేరు చాలాకాలం పాటు క్రీడాభిమానులలో కొందరికి మాత్రమే తెలిసి ఉండినది. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం వెలువడిన తరువాత గాని, ఆయన పుట్టిన నగరంలోని యువతలో పెక్కుమంది ఆ పేరు వినలేదు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులు ఆయనను రహీం సాహెబ్ అని గౌరవంగా పిలుచుకొనేవారు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరులో మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. మరల అటువంటి ఉపద్రవం సంభవించకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి ఇంజనీర్ల సలహాపై నగరానికి పడమట జలాశయాలు నిర్మించారు. మొయినాబాదుకు చేరువలో నేడు మనం చూసే గండిపేట చెరువు, అనగా ఉస్మాన్‌సాగర్, 1920లో పూర్తయింది. హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. రహీం బాల్యం, యౌవనం గడిచినది ఈ నిర్మాణాల కాలంలోనే. ఒక తరంవారు కట్టిన కట్ట వెనుక నిలిచిన నీటిని తరువాతి తరాలవారు త్రాగారు. ఆ కట్టపై రాళ్ళు మోసినవారి పేర్లు మాత్రం త్రాగినవారికి తెలియవు.

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేశారు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నతవిద్యను బోధించడం ద్వారా అప్పటికే పేరు పొందింది. అక్కడి ఫుట్‌బాల్ జట్టులో రహీం మంచి ఆటగాడుగా గుర్తింపు తెచ్చుకొన్నారు. పట్టభద్రుడైన తరువాత ఆయన ఎన్నుకొన్నది ఉపాధ్యాయవృత్తి. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలైన చోట్ల ఆయన పనిచేశారు. అనంతరం వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, పాఠశాలలలో క్రీడల బాధ్యతను కూడా స్వీకరించారు. ఆ రోజులలో వ్యాయామోపాధ్యాయునికి సమాజంలో గొప్ప హోదా ఏమీ లేదు. ఈ రోజులలో మాత్రం ఉన్నదా అంటే, మన జూనియర్ కళాశాలలలో ఎన్నింటికి ఆటస్థలం ఉన్నదో లెక్కవేసి చూచుకొంటే సమాధానం దొరుకుతుంది. ఏమైనా, తరగతి గదిలో పాఠం చెప్పే పద్ధతిని మైదానానికి తీసికొనివెళ్ళడమే రహీం జీవితమంతా చేసిన పని. బాగా వచ్చిన విద్యార్థిని మెచ్చుకోవడం సులభం. రానివాడికి వచ్చేటట్లు చేయడమే ఉపాధ్యాయుని అసలు పని అని ఆయనకు వృత్తి నేర్పి ఉంటుంది.

1940లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. మరణించే వరకు ఆ బాధ్యతలోనే కొనసాగారు. ఆనాటి మన దేశపు ఫుట్‌బాల్ ఎట్లా ఉండేదో కొంత తెలుసుకొంటే గాని ఆయన చేసిన మార్పు విలువ మనకు బోధపడదు. ఆటగాళ్ళలో అనేకులు బూట్లు లేకుండా వట్టి కాళ్ళతోనే ఆడేవారు. బంతిని కాలికి అంటిపెట్టుకొని, ఎదురు వచ్చిన వారినందరినీ ఒక్కొక్కరినిగా తప్పించుకొంటూ ముందుకు పోయేవాడే గొప్ప ఆటగాడు. దీనినే డ్రిబ్లింగ్ అంటారు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది దానికే. మరునాడు పత్రికలలో పేరు వచ్చేది కూడా దానివల్లనే. అటువంటి ఆటగాడు ముగ్గురిని దాటి నాలుగవ వాని వద్ద బంతిని పోగొట్టుకొన్నా ప్రేక్షకులకు కోపం వచ్చేది కాదు. చూడముచ్చటగా ఆడాడని సంతృప్తి పడేవారు. ఈలోగా గోలు ముందు ఖాళీగా నిలిచి బంతికై ఎదురు చూచిన సహచరుని సంగతి ఎవరికీ పట్టేది కాదు.

రహీంకు పట్టింది. ఆయన స్థానిక బాలురకు, యువకులకు వింతైన పోటీలు ఏర్పాటు చేశారు. వాటిలో ఒక విధమైన పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతి కాలికి తగిలిన వెంటనే దానిని మరొకరికి అందించవలసిందే. తన వద్ద అట్టిపెట్టుకోవడానికి వీలులేదు. ఈ నియమం వినడానికి చిన్నదిగానే ఉన్నా, ఆటగాని ఆలోచనను మొదలంటా మార్చివేస్తుంది. బంతి వచ్చిన తరువాత ఏమి చేయాలా అని ఆలోచించేవానికి ఈ ఆటలో స్థానం లేదు. బంతి రాకముందే తనవారు ఎక్కడెక్కడ ఉన్నారో తలతిప్పి చూచి ఉండాలి. తన వద్ద బంతి లేనప్పుడు కూడా ఇతరులకు ఉపయోగపడే చోటికి పరుగెత్తి నిలవాలి. తొంబది నిమిషాల ఆటలో ఏ ఒక్కని వద్దనైనా బంతి ఉండేది కొద్ది నిమిషాలు మాత్రమే. మిగిలిన సమయంలో అతడు ఏమి చేస్తున్నాడన్నదే రహీం దృష్టిలో ఆటగాని యోగ్యతకు గుర్తు.

మరొక విధమైన పోటీ ఇంకా విచిత్రమైనది. అందులో ఆటగాళ్ళు తమకు అలవాటులేని కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం వాడు కుడికాలితో ఆడాలి. ఇందువల్ల ఏమి జరుగుతుందో ఊహించవచ్చు. పేరుపొందిన ఆటగాడు తడబడతాడు. నిన్నటి వరకు తన ముందు నిలువలేని వాడు ఇప్పుడు తనతో సమానుడుగా కనిపిస్తాడు. అభిమానం కొంత దెబ్బ తింటుంది. కొన్ని వారాలు గడిచేసరికి బలహీనమైన ఆ కాలు బలపడుతుంది. అప్పుడు ప్రత్యర్థికి బంతి ఎటు పోతుందో అంచనా వేయడం సాధ్యం కాదు. బాలల పోటీలకు వయస్సు బదులు ఎత్తును హద్దుగా పెట్టి కూడా ఆయన ఆటలు నిర్వహించారు. పొడగరుల నడుమ నలిగిపోయే పొట్టి పిల్లలకు ఆ విధంగా బంతి తాకే అవకాశం చిక్కింది.

చేవెళ్ళలోగాని మొయినాబాదులోగాని ఏ విద్యార్థులైనా ఇటువంటి పోటీని రేపే నిర్వహించుకోవచ్చు. ఒక బంతి, కొంత స్థలం ఉంటే చాలు. కాని అందులో పాల్గొనడానికి మొదట ముందుకు వచ్చేది ఎవరు? ఆటలో అందరికంటె మెరుగైన వాడు మాత్రం రాడు. అతనికి పోగొట్టుకోవడానికి పేరు ఉన్నది. చదువులోనూ ఇదే వరస కనిపిస్తుంది. తనకు వచ్చిన లెక్కనే పదిసార్లు చేసి నూటికి నూరు తెచ్చుకోవడం సుఖంగా ఉంటుంది. రాని పాఠం పుస్తకం తెరవడం కష్టంగా ఉంటుంది. రహీం తన శిష్యులను రెండవదానికి అలవాటు చేశారు.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ జట్టులోని వారు పోలీసు శాఖలో ఉద్యోగాలు చేసుకొంటూ ఆడేవారు. అప్పటి ఫుట్‌బాల్‌కు కలకత్తాయే రాజధాని. ధనబలం, జనబలం గల క్లబ్బులు అక్కడ ఉండేవి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఈ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు గెలుచుకొన్నది. దేశంలో అతి పురాతనమైన డ్యూరాండ్ కప్పును కూడా పలుమార్లు సాధించింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1950ల నడుమ వరుసగా రెండుసార్లు గెలిచింది. కలకత్తా క్లబ్బులు హైదరాబాదు ఆటగాళ్ళ కోసం మనుషులను పంపడం మొదలుపెట్టాయి. శిక్షణ ఇచ్చి తీర్చిదిద్దిన ఆటగాడు మరొక ఊరి జట్టుకు వెళ్ళిపోవడం ఏ శిక్షకునికైనా నష్టమే. హైదరాబాదుకు ఆ నష్టం ఏటేటా జరిగింది. జాతీయ జట్టుకు ఆయన పనిచేసే సమయంలో ఆ నష్టమే లాభంగా తిరిగి వచ్చింది. దేశం నలుమూలల జట్లలో ఆయన పద్ధతి తెలిసినవారు ఉండేవారు.

1951 మార్చిలో తొలి ఆసియా క్రీడలు న్యూఢిల్లీలో జరిగాయి. రహీం శిక్షణలో భారత జట్టు తుది పోటీలో ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి స్వర్ణపతకం సాధించింది. మరుసటి సంవత్సరం హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో ఇందుకు పూర్తిగా భిన్నమైన అనుభవం ఎదురైంది. చలిదేశపు మైదానంలో వట్టి కాళ్ళతో ఆడిన మనవారిని యుగోస్లావియా 10–1 తేడాతో చిత్తు చేసింది. ఆ తరువాతనే భారత ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. వట్టికాళ్ళ ఆట మన ప్రత్యేకత అని గర్వించడం అంతటితో ముగిసింది. తన గొప్ప అనుకొన్నదే తనకు అడ్డంకి అని గుర్తించడం జట్టుకైనా వ్యక్తికైనా సులభమైన పని కాదు.

రహీం విదేశీ జట్ల ఆటను శ్రద్ధగా పరిశీలించారు. 1953లో హంగేరీ జట్టు ఇంగ్లండును వారి దేశంలోనే 6–3 తేడాతో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. ముందు వరుసలో నడుమ ఉండవలసిన ఆటగాడు వెనుకకు తగ్గి, ఇతరులకు దారి తెరవడం ఆ జట్టు ప్రయోగించిన కిటుకు. రహీం ఈ ఆలోచనను మన ఆటగాళ్ళకు తగినట్లు మలచుకొన్నారు. రక్షణకు నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే కూర్పు 1958లో బ్రెజిల్ ప్రపంచకప్పు గెలిచిన తరువాత జగత్ప్రసిద్ధమైంది. అంతకు ముందే రహీం దానిని ప్రయోగించారని క్రీడాచరిత్ర వ్రాసినవారు పేర్కొంటారు. గోలు వేయవలసిన చోట ఉన్నవాడే గోలు వేయించడానికి వెనుకకు రావడం ఈ కూర్పులోని కీలకం. హైదరాబాదు పిల్లలకు ఆయన పెట్టిన డ్రిబ్లింగ్ లేని పోటీలకూ దీనికీ గల సంబంధం స్పష్టంగానే కనిపిస్తుంది.

ఈ కృషికి ఫలితం 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో కనిపించింది. మొదటి పోటీలో ఎదుర్కోవలసిన హంగేరీ తప్పుకొన్నది. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను భారత్ 4–2 తేడాతో ఓడించింది. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోల్సు చేసిన తొలి ఆసియావాసి అతడే. ఒలింపిక్ సెమీఫైనలుకు చేరిన తొలి ఆసియా దేశం కూడా మనదే అయింది. అక్కడ ఎదురైనది అదే యుగోస్లావియా. నాలుగేళ్ళ క్రితం పది గోల్సు ఇచ్చిన జట్టుపై డిసౌజా తొలి గోలు చేసినప్పుడు మనవారు 1–0 ఆధిక్యంలో ఉన్నారు. చివరకు 4–1 తేడాతో ఓడిపోయారు. కాంస్యపతకం కోసం జరిగిన పోటీలో బల్గేరియా 3–0 తేడాతో గెలిచింది. భారతదేశానికి నాలుగవ స్థానం మిగిలింది.

పతకాల పట్టికలో నాలుగవ స్థానానికి గడి లేదు. స్వర్ణం, రజతం, కాంస్యం అన్న మూడింటి తరువాత లెక్క ఆగిపోతుంది. ఆ లెక్కన మెల్బోర్న్‌లో రహీం సాధించినది ఏమీ లేదు. నేటికీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అందుకొన్న అత్యున్నత స్థానం అదే. 10–1 నుండి అక్కడికి చేరడానికి పట్టినది నాలుగు సంవత్సరాలు. పట్టిక చెప్పే సత్యం వేరు, ఈ దూరం చెప్పే సత్యం వేరు. పరీక్షాఫలితాల పట్టికలు చదివేవారు కూడా ఈ తేడాను గమనిస్తే మంచిది. ముప్పది మార్కుల నుండి అరువదికి వచ్చిన విద్యార్థి ఫోటోను ఏ కళాశాలా ప్రకటనలో వేయదు.

మెల్బోర్న్ వెళ్ళిన జట్టులో హైదరాబాదీలు పలువురు ఉన్నారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ అందులో ముఖ్యులు. వారితోపాటు ఇరువది సంవత్సరాల యువకుడొకడు ఉన్నాడు. అతని పేరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేద కుటుంబం అతనిది. స్థానిక పోటీలలో అతని ఆట చూచి రహీం తన శిక్షణకు రమ్మన్నారు. రావాలంటే నగరానికి ప్రతిదినం ప్రయాణం చేయాలి. ఆ ఖర్చు భరించే స్తోమత బలరాంకు లేదు. సంగతి తెలిసి రహీం అతనికి సైకిలు సమకూర్చారు. ఆ సైకిలుపై వచ్చి నేర్చుకొన్న బాలుడే మెల్బోర్న్‌లోను, రోమ్‌లోను, జకార్తాలోను భారత జట్టుకు ఆడాడు. 1962లో అర్జున పురస్కారం పొందాడు. ప్రతిభ గలవాడిని గుర్తించడంతో చాలామంది పెద్దల బాధ్యత తీరిపోతుంది. వాడు రేపు ఇక్కడికి ఎట్లా వస్తాడన్నది ఆలోచించినవారు అరుదు.

1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో మన జట్టుకు కఠినమైన ప్రత్యర్థులు ఎదురయ్యారు. తరువాత కాంస్యపతకం గెలిచిన హంగేరీతో 2–1 తేడాతో ఓడింది. ఫ్రాన్సుతో 1–1 సమంగా ముగించింది. పెరూ చేతిలో 3–1 తేడాతో ఓడి వెనుదిరిగింది. ఆ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించినంత ప్రతిభ అతనికి ఉన్నది. తండ్రి శిక్షకుడు. అయినా మూడు ఆటలలో ఒక్కదానిలోనూ హకీం మైదానంలో అడుగు పెట్టలేదు. ఆ కాలంలో ఆట మధ్యలో ఆటగాళ్ళను మార్చే నియమం లేదు. ఆట మొదలుపెట్టిన పదకొండుగురే చివరి వరకు ఆడాలి. ఆ పదకొండుగురిని నిర్ణయించే వేళ తండ్రి మనస్సు ఏమి పలికిందో మనం చెప్పలేము. బలరాంకు, చున్నీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి ఆ పదకొండుగురిలో స్థానం లభించింది. రోమ్‌లో ఆయన కొడుకు బయట కూర్చున్నాడు.

రెండు సంవత్సరాల తరువాత 1962లో జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికే రహీం శరీరాన్ని క్యాన్సర్ వ్యాధి కబళిస్తున్నది. మన జట్టు పరిస్థితి కూడా ఆశాజనకంగా లేదు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 తేడాతో ఓడింది. థాయిలాండును 4–1 తేడాతో గెలిచిన ఆటలో రక్షణకు మూలస్తంభమైన జర్నైల్‌సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరంతో బాధపడ్డాడు. దీనికి తోడు రాజకీయ కారణాల వల్ల జకార్తా ప్రజలు మన దేశంపై ఆగ్రహంతో ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టడం అందుకు కారణం. మన ఆటగాళ్ళు మైదానంలోకి వస్తే చాలు, ప్రేక్షకులు కేకలతో హేళన చేసేవారు.

ఈ దశలో రహీం తీసికొన్న నిర్ణయం శిక్షకుల చరిత్రలో పేర్కొనదగినది. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌సింగ్‌ను ఆయన విశ్రాంతికి పంపలేదు. రక్షణ పంక్తిలోనూ నిలుపలేదు. గోల్సు వేయవలసిన ముందు వరుసలో, నడిమి స్థానంలో నిలిపారు. జీవితమంతా గోలును అడ్డుకొన్నవాడు ఇప్పుడు గోలు వేయాలి. అలవాటులేని కాలితో ఆడించిన గురువు ఇప్పుడు అలవాటులేని స్థానంలో ఆడించాడు. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనలులో భారత్ 3–2 తేడాతో గెలిచింది. అందులో ఒక గోలు జర్నైల్‌సింగ్‌ది. గాయపడిన మనిషిని ఆడించడం నేటి వైద్యదృష్టితో చూస్తే సమర్థనీయం కాదు. తల గాయాల విషయంలో ఇప్పుడు నియమాలు కఠినంగా ఉన్నాయి, ఉండవలసినదే. ఆనాటి ఆలోచన వేరు.

సెప్టెంబరు 4న తుదిపోటీ జరిగింది. ఎదురుగా ఉన్నది తొలి ఆటలో మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. స్టేడియంలో లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. జ్వరం నుండి కోలుకొన్న తంగరాజ్‌ను రహీం గోలు ముందు నిలిపారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు చేశాడు. మరి మూడు నిమిషాలకే జర్నైల్‌సింగ్ రెండవ గోలు చేశాడు. ఆట ముగియవచ్చే వేళ కొరియా ఒక గోలు తిరిగి ఇచ్చింది. 2–1 తేడాతో భారత్ స్వర్ణపతకం గెలుచుకొన్నది. చున్నీ గోస్వామి నాయకుడుగా పతకం అందుకొన్నాడు. శిక్షకునికి పతకం ఇచ్చే ఆచారం లేదు.

ఆ తరువాత రహీం తొమ్మిది నెలలు మాత్రమే జీవించారు. 1963 జూన్ 11న హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ప్రారంభం కాలేదు. ఆయన మరణానంతరం భారతదేశం ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణాన్ని తిరిగి గెలువలేదు. 1970లో బాంకాక్‌లో కాంస్యపతకం వచ్చినప్పుడు జట్టు నాయకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్. ఆ తరువాత ఆ పతకం కూడా రాలేదు.

ఇక్కడ ఒక విషయాన్ని దాచకుండా చెప్పుకోవాలి. ఒకని విజయాన్ని అతడు తీర్చిదిద్దినవారిలో వెదకాలి అంటే రహీం గొప్పగా నెగ్గారు. కాని ఆయన నిర్మించిన హైదరాబాదు ఫుట్‌బాల్ ఆయన తరువాత ఎక్కువకాలం నిలువలేదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అటు తరువాత క్రమంగా వెలుగు తగ్గింది. ఆటగాళ్ళు ఉపాధి కోసం కలకత్తాకు, ఇతర నగరాలకు తరలిపోయారు. మైదానాలు కుంచించుకుపోయాయి. బాలురు క్రికెట్ వైపు మళ్ళారు. ఆయన పెట్టిన ఎడమకాలి పోటీలను, ఎత్తు పోటీలను ఏటేటా జరిపించే సంస్థ ఏదీ నిలద్రొక్కుకోలేదు. ఒక్క మనిషి ఓపికపై నడిచిన పని ఆ మనిషితోనే ఆగిపోతుందా అన్న అనుమానం ఆయన జీవితచరిత్ర చదివిన వారికి కలుగుతుంది. గండిపేట కట్టను ఇంజనీర్లు కట్టి వెళ్ళిపోయారు. దానిని కాపాడడానికి ఒక శాఖ మిగిలింది. రహీం పనికి అటువంటి శాఖ లేకపోయింది. ఆ లోపం ఆయనది అనడం న్యాయం కాదు. ఆయన బ్రతికి ఉన్నంతకాలం ఆయన గెలుపులతో తృప్తిపడి, ఆయన పద్ధతిని నిలబెట్టే ప్రయత్నం చేయనివారందరిదీ.

అయినా ఆయన విద్య పూర్తిగా మరుగున పడలేదు. అది మనుషుల వెంట నడిచింది. పి.కె. బెనర్జీ ఆట విరమించిన పిదప కలకత్తాలోని ప్రసిద్ధ క్లబ్బులకు శిక్షకుడై, దేశంలో అగ్రశ్రేణి గురువుగా పేరుపొందాడు. నయీముద్దీన్ కూడా జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చి ద్రోణాచార్య పురస్కారం అందుకొన్నాడు. రోమ్‌లో ఆడే అవకాశం రాని హకీం భారత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరు అయ్యాడు. అంతర్జాతీయ పోటీలలో రిఫరీగా వ్యవహరించే అర్హత సంపాదించాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొంది, 2021 ఆగస్టులో మరణించాడు. 1982లో ఆసియా క్రీడలు తిరిగి న్యూఢిల్లీకి వచ్చాయి. రహీంకు తొలి స్వర్ణపతకం లభించిన నగరం అదే. ఈసారి భారత జట్టు క్వార్టర్ ఫైనలులో సౌదీ అరేబియా చేతిలో 1–0 తేడాతో ఓడిపోయింది. మైదానం ప్రక్కన శిక్షకుల స్థానంలో ఉన్నవారు ఇద్దరు. ప్రధాన శిక్షకుడు పి.కె. బెనర్జీ. ఆయనకు సహాయకుడు రహీం సాహెబ్ కుమారుడు హకీం.